ఐదో లెక్క, రెండో షీటు

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక నియమం ఉంది. పరీక్ష పేపరు తయారయ్యాక అందులోని ప్రతి లెక్కనీ ఇద్దరు విడివిడిగా చెయ్యాలి. ఒకరి షీటు ఒకరు చూడకూడదు. చేస్తున్నంతసేపూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. పని అయ్యాక ఎవరి షీటు వాళ్ళు కవర్లో పెట్టి అంటించి, అతుకు మీద సంతకం చెయ్యాలి. తర్వాత ఇద్దరూ కూర్చుని రెండు కవర్లూ చించి, షీట్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. జవాబులు కలిస్తే మూడో కాగితం మీద "రెండూ సరిపోయాయి" అని రాసి ఇవ్వాలి. అప్పుడే అది పేపర్లు దిద్దడానికి కీ అవుతుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఫిజిక్స్‌కి ఆ ఇద్దరం నేనూ మా ఆయనా. మొగుడూ పెళ్ళాలకి ఇలాంటి పని అప్పగించడమేమిటని మొదట్లో కొందరు గొణిగారు. ఒకరి తప్పు ఒకరు కప్పిపుచ్చుకుంటారని వాళ్ళ అనుమానం. మా సంసారం సంగతి బొత్తిగా తెలియనివాళ్ళు మాత్రమే అలా అనుకోగలరు. ఇన్నేళ్ళలో మా షీట్లు రెండే రెండుసార్లు కలవలేదు, రెండుసార్లూ తప్పు ఆయనదే. ఆయన పక్కనుండగానే స్టాఫ్ రూములో పదిమందికీ వినబడేలా ఈ మాట చెప్పేదాన్ని. ఆయన టీ కప్పులోంచి తల ఎత్తకుండా, మూడోసారి నీ వంతే, ఎక్కడైనా రాసిపెట్టుకో అనేవారు.

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆయన, గోడకి ఆనించి ఉన్న కుట్టుమిషను బల్ల మీద నేను. వీపుకి వీపు. మాట్లాడకూడదు కాబట్టి, మధ్యలో నాతో చెప్పాలనిపించింది ఆయన తన షీటు అంచున రాసేవారు. కవరు చించినప్పుడు నేను చదువుకునేదాన్ని. "కుక్కరు ఇందాకట్నించీ కూస్తోంది, నీకు వినబడదా." "నీ కుర్చీ కిర్రుమంటోంది." "రెండో లెక్క బాగుంది, నువ్విచ్చిందేనా?" ఫైల్లో పెట్టేముందు ఆ అంచుల్ని కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో వేసేదాన్ని. దాచుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు. ఎప్పుడూ వస్తూనే ఉండేవాటిని ఎవరు దాచుకుంటారు?

ఈ ఏడాది సాయంత్రం కోర్సు పేపరుకి షీట్లు చేసిన రోజున మా ఇద్దరికీ మాటల్లేవు. అది నియమం వల్ల కాదు, బాత్రూములో కుళాయి వల్ల. నెల రోజులుగా అది కారుతోంది. ప్లంబరుని పిలుద్దామంటే వినకుండా, ఇంతోటిదానికి ప్లంబరెందుకని ఆయనే స్పానరు పట్టుకుని బయల్దేరారు. చుక్కలు చుక్కలుగా కారేది కాస్తా ధారయింది. నేను బకెట్టు పెట్టి, పాతికేళ్ళు ఫిజిక్స్ చెప్పినాయనకి ఒక వాషరు బిగించడం చేతకాలేదని ఉన్నమాట అనేశాను. ఆయన మొహం ముడుచుకున్నారు. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే కూర్చుని ఎనిమిది లెక్కలూ చకచకా చేసి పారేశాను. నేను కవరు అంటించేసరికి వెనక ఆయన పెన్ను ఇంకా గీస్తూనే ఉంది. నేను లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెలు కావలసినదానికంటే ఎక్కువ చప్పుడు చేస్తూ సర్దాను.

మర్నాడు కవర్లు చించాలి. చించాలంటే ఇద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. పరీక్షకి ఇంకా నెల ఉంది కదా అనుకున్నాను. ఆయన ఒకటి రెండుసార్లు కవరు చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. నాకు పనుందన్నాను. అన్నం పెట్టడం, తాళం చెవి ఎక్కడ అని అడగడం, అలా అవసరానికి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎనిమిదో రోజు ఉదయం ఆయన బస్టాపులో కూలబడిపోయారు. పక్కనున్నవాళ్ళు బెంచీ మీద పడుకోబెట్టేటప్పటికే అయిపోయిందని చెప్పారు. గుండె.

నేను ఏడవలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, రాలేదు. వచ్చినవాళ్ళందరూ నా మొహంకేసి చూసి, ఇంకా దిగమింగుకుంటోంది పాపం అనుకున్నారు. దిగమింగడానికి నా దగ్గర ఏమీ లేదు. దంతాల డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో నేనంతా అలా ఉన్నాను. కొరుక్కున్నా తెలియదు. ఆయన అక్క, అంటే మా వదిన, మా ఇంట్లోనే ఉండిపోయి ఇద్దరికి సరిపడా ఏడ్చింది. ఏడుస్తూనే అలమరాలు సర్దింది, ఏడుస్తూనే రెండో రోజున ప్లంబరుని పిలిపించింది. ప్లంబరుకి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఇంట్లో చప్పుడనేదే లేకుండా పోయింది.

మూడు వారాలకి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను. పాఠం చెప్పాను, సంతకాలు పెట్టాను, అడిగినవాళ్ళకి బాగానే ఉన్నానని చెప్పాను. పరీక్ష దగ్గర పడింది, కీ కావాలని హెడ్డుగారు కబురు పెట్టారు. నా కవరు నేనే చించి షీటు ఇచ్చాను. మా ఆయన కవరు కుట్టుమిషను సొరుగులో ఉంది. దాన్ని చించలేదు. చించకుండానే మూడో కాగితం తీసుకుని "రెండూ సరిపోయాయి" అని రాసి కింద సంతకం పెట్టాను. రెండో షీటు ఇంట్లో భద్రంగా ఉంది, తర్వాత తెచ్చిస్తానన్నాను. హెడ్డుగారు నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

నా లెక్క మీద నాకంత నమ్మకం. అదొక్కటే కాదు, ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

ఐదో లెక్క ఇది. ఆరు కిలోల బరువున్న గుండ్రటి దుంగలాంటి స్థూపం గరుకు నేల మీద ఉంది. దాని ఇరుసుని పట్టుకుని పద్దెనిమిది న్యూటన్ల బలంతో లాగుతున్నారు. ఘర్షణ గుణకం, అంటే మేం మ్యూ అనేది, సున్నా పాయింటు రెండు. స్థూపం జారకుండా దొర్లుతోంది. నేల వెనక్కి లాగే ఘర్షణ బలమెంత, స్థూపం త్వరణమెంత?

దొర్లే లెక్కలంటే అందరికీ హడలు. సాయంత్రం కోర్సులో ఉండేది పగలంతా ఎక్కడో పనిచేసి వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళకి పాఠం చెప్పేది మా ఆయనే. ఈ అధ్యాయం మొదలుపెట్టకముందే పోయారు. ఎనిమిదింటిలో ఐదు చేస్తే చాలు కాబట్టి చాలామంది దీని జోలికే పోలేదు. పదకొండుమంది ముట్టుకున్నారు. ఏడుగురు గైడు చూసి బట్టీపట్టినట్టుగా పన్నెండు న్యూటన్లు అని రాశారు. ముగ్గురు బొమ్మ గీసి వదిలేశారు. ఒకళ్ళు ఆరు అని రాశారు. నా కీలో పన్నెండు ఉంది. పన్నెండుకి పన్నెండు మార్కులూ వేశాను. ఆరు మీద ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టి, బొమ్మ బాగుందని రెండు మార్కులు వేశాను. ఆ పేజీల మీద ఏం చదివానో, అసలు చదివానో లేదో ఇప్పుడు అడిగితే చెప్పలేను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ఫలితాలు వచ్చిన మూడో రోజున, ఆరు అని రాసినావిడ స్టాఫ్ రూముకి వచ్చింది. ముప్ఫై నాలుగైదేళ్ళుంటాయి. ఎంత కడిగినా పోని నల్లటి గీతలు గోళ్ళ చుట్టూ ఉన్నాయి. పదేళ్ళుగా టైర్ల కొట్టులో పని చేస్తున్నానని చెప్పింది. బస్సుల డిపోలో చక్రాలు తనిఖీ చేసే ఉద్యోగం ఒకటి ఖాళీ ఉంది. పని వచ్చు, వాళ్ళు తీసుకుంటామన్నారు, కాకపోతే ఈ కోర్సు పాసైన సర్టిఫికెట్ ఈ నెలాఖరులోగా చూపించాలి. ఈ పేపరొక్కటే మిగిలింది. మూడుసార్లకి మించి రాయనివ్వరు, ఇది మూడోసారి. నలభై రావాలి, ముప్ఫైయారు వచ్చాయి. ఇదంతా ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు నెమ్మదిగా చెప్పి, తన జవాబు పత్రం జిరాక్సు నా ముందు పెట్టింది.

"మార్కులు వెయ్యమని అడగడానికి రాలేదు మేడం. నా తప్పెక్కడుందో చూపించండి, చూసుకుని వెళ్ళిపోతాను."

ఇలాంటివాళ్ళని పాతికేళ్ళుగా చూస్తున్నాను. తప్పు చూపిస్తే ఇంకో తప్పు పట్టుకుని వేలాడతారు. కూర్చోమని చెప్పి, ఒక కాగితం తీసుకుని, మ్యూ ఇచ్చారు కదమ్మా, మ్యూని బరువుతో, అంటే అరవై న్యూటన్లతో గుణిస్తే పన్నెండు వస్తుంది, అదే నేల లాగే బలం అన్నాను. ఆవిడ కాసేపు ఆ పన్నెండు కేసి చూసింది.

"అది నేల ఇవ్వగలిగింది కదా మేడం. చక్రం అడిగింది అంత లేదు."

"ఏమిటి?"

"టైరుకి పట్టు ఎంతుందనేది వేరు, ఎంత వాడుకుంటుందనేది వేరు. పట్టంతా వాడేసేది జారినప్పుడే. జారిన టైరు చూడగానే తెలిసిపోతుందండీ, ఒక్కచోట చదునుగా అరిగిపోయి ఉంటుంది. ఇందులో జారకుండా అని మీరే రాశారు. జారకపోతే ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. అదెంతో తెలీదు కాబట్టి ఎఫ్ అని ఉంచి చేశాను. ఆరొచ్చింది."

పన్నెండు వేసి లెక్క రెండు వైపుల నుంచీ చేసి చూశాను. ముందుకి కదిలే లెక్కలో త్వరణం ఒకటి వచ్చింది. గుండ్రంగా తిరిగే లెక్కలో నాలుగు వచ్చింది. దొర్లే చక్రానికి ఈ రెండూ ఒకటే అయి తీరాలి. ఆరు వేసి చూశాను. ఇటు రెండు, అటూ రెండు. మళ్ళీ చేశాను. ఇటు రెండు, అటూ రెండు.

పగటి క్లాసుల్లో నాకొక ముద్దుపేరు ఉంది, ఆగు మేడం. ఘర్షణ పాఠం మొదలైన రోజునుంచీ నేను అరిచే అరుపు అది. మ్యూ కనబడగానే పెన్ను ఆపండి, ఆగండి, జారుతోందా దొర్లుతోందా చూడండి, దొర్లుతుంటే మ్యూని ముట్టుకోకండి. పాసై వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తర్వాత రోడ్డు మీద కనబడి కూడా, ఆగామండీ మేడం అని నవ్వుతారు. అలాంటి నేను కుళాయి మీద కోపంతో ఆగకుండా రాసేశాను. ఆ రాసినదానికి ఈవిడ ఉద్యోగం పోతోంది. ఇంత జరిగినా నాకు చెమట పట్టలేదు, గుండె దడదడలాడలేదు. తప్పు చేశానని తెలిసింది, అంతే. తెలియడం వేరు, తగలడం వేరు.

"తప్పు ఉందమ్మా, అయితే నీ పేపర్లో లేదు. రేపు పదకొండింటికి హెడ్డుగారి గదికి రా," అన్నాను.

ఆవిడ సంతోషించలేదు. నన్ను అనుమానంగా చూసి, జిరాక్సు మడిచి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, సారు ఉంటే ఈ పాఠం కూడా చెప్పేవారని అంది. అవునన్నాను.

ఆ పూటే హెడ్డుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు. నియమాల పుస్తకం ఆయన రాసింది కాదు కానీ, ఆయన దిండు కింద పెట్టుకుని పడుకుంటారని మేం నవ్వుకుంటాం. నేను చెప్పిందంతా విన్నారు. నాలుగు మార్కులు గ్రేస్ కలిపి పాస్ చేసేస్తే పోలేదా అన్నారు. గ్రేస్ మార్కులని సర్టిఫికెట్ మీద అచ్చేస్తారు, అచ్చేస్తే డిపోవాళ్ళు తీసుకోరు, నేను వచ్చేముందే డిపోకి ఫోను చేసి కనుక్కున్నాను. అయితే కీ మార్చాలన్నారు. ఇద్దరు చేసిన కీని ఒకళ్ళ మాట మీద మార్చడానికి వీల్లేదు. అలా మార్చాలంటే పైవాళ్ళకి రాయాలి, కమిటీ కూర్చోవాలి, రెండు నెలలైనా పడుతుంది.

"ఒకే ఒక దారుందమ్మా," అన్నారాయన. "రెండు షీట్లూ కలవకపోతే ఆ కీ మొదటినించీ చెల్లదు. నేనిక్కడే మార్చేస్తాను. సారు షీట్లో ఎంతుంది?"

తెలియదన్నాను. కవరు చించలేదన్నాను. మూడో కాగితం ఆయన ముందున్న ఫైల్లోనే ఉంది, "రెండూ సరిపోయాయి", కింద నా సంతకం. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మెమో ఇవ్వాల్సొస్తుందమ్మా అన్నారు. ఇవ్వండి అన్నాను. రేపు పదకొండింటికి ఆ కవరు తీసుకురమ్మన్నారు. అందులో పన్నెండు ఉంటే మాత్రం తన చేతుల్లో ఏమీ లేదన్నారు.

ఇంటికి వచ్చి సొరుగు తెరిచాను. మామూలు ఖాకీ కవరు. అతుకు మీద ఆయన సంతకం, చివర్లో ఎప్పుడూ గీసే అక్కర్లేని గీత. దాన్ని మిషను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎండ కిటికీలోంచి నేల మీదికి వచ్చి, గోడెక్కి, పోయింది.

ఇందాక తర్వాత చెప్తానన్న కారణం ఇది. ఆయన ఫోనులో మెసేజీలన్నీ చదివేశాను. ఆయన పుస్తకాల్లో పెన్సిల్ రాతలన్నీ చూసేశాను. చొక్కా జేబుల్లో బస్సు టిక్కెట్లు కూడా అయిపోయాయి. ఆయన నాతో అనాలనుకుని నేనింకా విననిది ప్రపంచం మొత్తం మీద ఈ కవర్లో మాత్రమే ఉంది. ఇది చించి చదివేస్తే ఇక ఆయన దగ్గర్నుంచి నాకు కొత్త మాటంటూ రాదు. చించనంతకాలం ఆయన ఇంకా ఏదో చెప్పబోతూ ఉన్నట్టే. ఒకవేళ అంచున ఏమీ రాయకపోతే? అలిగారు కదా. ఆ తెల్ల అంచు చూడ్డం నావల్ల కాదు. ఇన్నీ తిప్పి తిప్పి చూస్తే, ఆ టైర్లావిడ ఉద్యోగంకన్నా నాకీ కవరే ఎక్కువని తేలింది. నామీద నాకే రోత పుట్టింది. నెలన్నరలో నాకు కలిగిన మొదటి భావం అదే.

వదిన టీ తెచ్చి పెట్టి, ఆ కవరేమిటి, కరెంటు బిల్లా అని అడిగింది. చెప్పాను. మొత్తం చెప్పాను, కుళాయితో సహా. తమ్ముడి సంతకం మీద వేలు పెట్టి కాసేపు నిమిరింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"వాడు బతికుండగా వాడి మాట నువ్వెప్పుడైనా చివరికంటా విన్నావా? సగంలోనే అందుకునేదానివి. ఇప్పుడైనా విను," అంది.

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఊరుకునేదాన్ని కాదు. టీ తాగేశాను. చల్లారిపోయింది.

మర్నాడు పదకొండింటికి ముగ్గురం హెడ్డుగారి గదిలో కూర్చున్నాం. ఆవిడ పని బట్టల్లోనే వచ్చింది, గంట పర్మిషన్ అట. చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. హెడ్డుగారు కత్తెర నావైపు జరిపారు. కవరు ఒక చివర కత్తిరించి, షీటు బయటికి తీసి, మడత విప్పి ముగ్గురికీ కనబడేలా బల్ల మీద పరిచాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆయన అక్షరాలు ఎప్పుడూ కాస్త కుడివైపు వాలి ఉంటాయి. ఐదో లెక్క. బొమ్మ, బాణాలు. తర్వాత మ్యూ అని రాసి, దాని పక్కన ఒక లావుపాటి ఇంకు చుక్క. పెన్ను ఆనించి ఆగిపోయిన గుర్తు. ఆ చుక్క తర్వాత మ్యూ మళ్ళీ ఎక్కడా లేదు. ఎఫ్ అని ఉంచి రెండు వరుసలు. ఘర్షణ ఆరు. త్వరణం రెండు. ఆ కింద, తేడా ఏమీ లేకుండా, ఆరో లెక్క.

ఆవిడ ఊపిరి వదలడం వినబడింది. హెడ్డుగారు నా షీటు పక్కన పెట్టి, పన్నెండు మీద ఒక వేలూ ఆరు మీద ఒక వేలూ ఉంచి, తల ఊపారు. కీ చెల్లదు, ఇప్పుడే మార్చేస్తానన్నారు. పన్నెండు రాసిన ఏడుగురి మార్కులు ప్రకటించేశారు కాబట్టి తగ్గించరు. ఈవిడకి పది కలిసి నలభైయారు అవుతాయి. సర్టిఫికెట్ వారంలో వస్తుంది. ఆవిడ లేచి నిలబడి, ఎవరికి దండం పెట్టాలో తెలియనట్టు ఇద్దరికీ మధ్యలో పెట్టింది.

"అంచున ఏదో రాసుందే," అన్నారు హెడ్డుగారు కళ్ళజోడు సర్దుకుంటూ. "లెక్కకి సంబంధించిందా? ఫైలుకి ఎక్కించాలి, చదవమ్మా."

నేను దాన్ని అప్పటికే చూశాను. కవర్లోంచి షీటు సగం బయటికి వచ్చినప్పుడే చూశాను. గొంతు సవరించుకుని, హాజరు పిలిచే గొంతుతో చదివాను.

"ఐదో లెక్క దగ్గర నీ పెన్ను ఆగలేదు. ఎప్పుడూ ఆగుతుంది. సరిపోయాయని రాసేముందు మళ్ళీ చూసుకో. కుళాయికి ప్లంబరుని పిలుస్తాలే."

పంతొమ్మిదేళ్ళూ ఆయన నా వెనక కూర్చుని నా పెన్ను వింటున్నారు. నా కోపం, నా తొందర, ఏ లెక్క దగ్గర ఎంతసేపు ఆగుతానో, అన్నీ వీపుతో వింటూనే తన లెక్కలు తాను చేసుకున్నారు. కవరు పట్టుకుని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది ఇది చెప్పడానికే. నేను పనుందన్నాను.

కొత్త కీకి నా షీటు కూడా కొత్తది కావాలని హెడ్డుగారు తెల్లకాగితం ఇచ్చారు. గోడవైపు ఉన్న చిన్నబల్ల దగ్గర, వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాను. బొమ్మ గీశాను. బాణాలు పెట్టాను. మ్యూ దగ్గరికి వచ్చి పెన్ను ఆపాను. ఆ ఆగిన క్షణంలో వెనక నుంచి గీస్తున్న చప్పుడు వినబడాలి. నా చెవులు దానికోసం వెతికాయి. ఫ్యాను తిరుగుతోంది, అంతే. అప్పుడు తెలిసింది నాకు, ఆయన లేరని. నెలన్నర తర్వాత, కాలేజీలో, పట్టపగలు, ఐదో లెక్క మధ్యలో తెలిసింది. కాగితం మీద నీళ్ళు పడ్డాయి. ఎఫ్ అని రాస్తే అలుక్కుపోయింది. మళ్ళీ రాశాను.

నా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. టైర్లావిడ వచ్చి ఏమీ అనకుండా కాగితం జారకుండా ఒక చెయ్యి ఆనించి పట్టుకుని నిలబడింది. ఆరు వచ్చింది. రెండు వచ్చింది.

రెండు షీట్లూ పక్కపక్కన పెట్టాను. అలవాటు చొప్పున కత్తెర తీసుకుని, ఆయన షీటు అంచుని బ్లేడుల మధ్య పెట్టాను. ఈసారి పారెయ్యడానికి కాదు. హెడ్డుగారు నా చెయ్యి పట్టుకోలేదు కానీ పట్టుకున్నంత పని చేశారు.

"వద్దమ్మా. ఇది ఇప్పుడు సాక్ష్యం. అంచు కత్తిరిస్తే షీటు చెల్లదు. ఈవిడ మార్కులు దీనిమీదే ఉన్నాయి."

ఇన్నేళ్ళూ కత్తిరించి పారేసినవన్నీ పారేసినట్టే పోయాయి. కావాలనుకున్న ఒక్కటీ ఫైలుది. కత్తెర కింద పెట్టాను. మూడో కాగితం తీసుకుని "రెండూ సరిపోయాయి" అని రాశాను. ఈసారి చూసే రాశాను. సంతకం పెట్టి, రెండు షీట్లూ కలిపి పిన్ను కొట్టి, ఫైలు హెడ్డుగారికి ఇచ్చేశాను.